మహమ్మారియు బెజవాడ అన్నవ్యాపారులును

మన సంఘ వార్షిక మహాసభను పురస్కరించుకొని వెలువడు ఇట్టి సంచికలయందు పూర్వపురుషుల దానధర్మములను గూర్చియు, సత్రములను గూర్చియు, విద్యార్థి వసతిగృహములను గూర్చియు చరిత్రలు తరచుగా ప్రకటింపబడుచుండును. అవి యుండవలసినవే. కాని తెల్లవారుజామున పొయ్యి వెలిగించి, పదిమందికి వండి వడ్డించి, ఆ పూట చేతికి వచ్చిన సొమ్ముతో మరునాటి మినపపప్పును నూనెను కొని సంసారము నీడ్చుకొను చిన్నవ్యాపారుల చరిత్ర ఇట్టి పుటలలో అరుదుగా గాని కానరాదు. మన సంఘీయులలో అట్టివారు పెక్కుమంది కలరు. 2020వ సంవత్సరమున లోకమెల్లను ఆవరించిన కోవిడ్ మహమ్మారి వారిని ఎట్లు కుదిపినది, వారెట్లు నిలదొక్కుకొనిరి, నిలువలేకపోయిన వారెందుకు నిలువలేకపోయిరి అను విషయములను విజయవాడ పట్టణమును, కృష్ణా డెల్టాను ఆధారముగా గొని సంఘ సోదరీసోదరులకును, పోషకులగు వదాన్యులకును విన్నవింప దలచితిమి. ఇది ప్రశంసావ్యాసము గాదు. తుదకు పోషకులకు ఒకటి రెండు మనవులు కూడ చేయుదుము గనుక, ఓపికతో చదువ ప్రార్థించుచున్నాము.

పూటకూటి వృత్తి ప్రాచీనత

సొమ్ము పుచ్చుకొని అన్నము పెట్టు వృత్తి మన దేశమునకు నిన్న మొన్న వచ్చినది గాదు. వినుకొండ వల్లభరాయని పేర వెలసిన క్రీడాభిరామమున ఓరుగల్లు నగరమందలి పూటకూటి యింటి వర్ణన కలదు. ఒక్క రూకకు పిండివంటలతో కూడిన భోజనము దొరకెడిదని దానివలన తెలియుచున్నది. సురవరము ప్రతాపరెడ్డిగారు 1949లో ప్రకటించిన ఆంధ్రుల సాంఘిక చరిత్రయందు ఈ విషయమును ఎత్తి చూపియున్నారు. గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కమున పూటకూళ్ళమ్మ యొక ప్రధాన పాత్ర. దిక్కులేని వితంతువునకు పొయ్యియు, నాలుగు విస్తళ్ళును జీవనాధారమైన కాలమది. చిన్న పెట్టుబడితో, ఇంటి పనిముట్లతో, తనకు వచ్చిన విద్యతో నిలువదగిన వృత్తి గనుకనే నిరాధారులు మొదట దీని చెంత చేరుచుండిరి. నేటికిని అట్లే చేరుచున్నారు.

బెజవాడయందు ఈ వృత్తి విస్తరించుటకు కారణము కృష్ణానది మీది ఆనకట్ట. సర్ ఆర్థరు కాటను దొర సంకల్పింపగా, కెప్టెన్ చార్లెస్ ఓరు పర్యవేక్షణమున 1852లో ఆరంభమైన ఆ నిర్మాణము 1855లో ముగిసినది. పిమ్మట బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవసు కాలువ పట్టణమునుండి బయలువెడలి పొలములకు నీరును, పడవలకు దారిని ఇచ్చినవి. 1889లో నైజాము రైలుమార్గము బెజవాడను చేరెను. 1893లో కృష్ణ మీద రైలువంతెన ఏర్పడగా ఈ పట్టణము మద్రాసు, కలకత్తా, హైదరాబాదు మార్గములు కలియు కూడలి అయ్యెను. రైలు మారు ప్రయాణికునకు ఆకలి యగును. కొండపైనున్న కనకదుర్గమ్మను దర్శింపవచ్చిన యాత్రికునకు ఆకలి యగును. ధాన్యమమ్మ వచ్చిన రైతునకును ఆకలి యగును. ఈ ముగ్గురి ఆకలిమీదనే బెజవాడ హోటళ్ళు నిలిచినవి. గాంధీనగరమందలి బాబాయి హోటలు 1942 నాటిది. వెన్నతో వడ్డించు ఇడ్లీకి అది పేరుపడినది. అట్టి పేరులేని వందలకొలది బండ్లు, మెస్సులు, మిఠాయి అంగళ్ళు దాని చుట్టును బ్రతికినవి.

ఇందుండి ఒక సత్యము తేటపడుచున్నది. బెజవాడ అన్నవ్యాపారమునకు జనుల రాకపోకలే పెట్టుబడి. రాకపోకలు పెరిగినప్పుడెల్ల అది పెరిగినది. అవి ఆగినచో ఏమగునో 2020 వరకు ఎవ్వరును కని యెరుగరు.

పూర్వపు ఆపదలు

ఈ డెల్టాకు ఆపదలు క్రొత్తవి కావు. నందన నామ సంవత్సరమున, అనగా 1832-33లో, గుంటూరు మండలమున సంభవించిన కరువునకు లక్షకు పైబడి జనులు మడిసిరి. దానిని ప్రజలు డొక్కల కరువని చెప్పుకొనిరి. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి సముద్రము పొంగి మచిలీపట్టణము మీదికి రాగా సుమారు ముప్పదివేలమంది మృతిజెందిరి. 1876-78లో ధాత కరువు దక్షిణదేశమును పీడించెను. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమ ఉప్పెన సుమారు పదివేల ప్రాణములను కొనిపోయెను.

1918లో వచ్చిన ఇన్‌ఫ్లుయెంజా వీనియన్నిటికంటె మన ప్రస్తుత విషయమునకు సమీపమైనది. ఆ సంవత్సరము వానలు లేవు. యుద్ధముచేత ఓడలు కరవై, బర్మా బియ్యము రాక తగ్గెను. ధరలు మండిపోవుచుండగా మద్రాసు రాజధానియందు మే నెల మొదలు సెప్టెంబరు వరకు నూటికి మించిన తావుల ధాన్యపు అంగళ్ళు దోపిడికి గురియయ్యెను. దానివెంట శరత్కాలమున జ్వరము విజృంభించెను. భారతదేశమున ఆ జ్వరమునకు బలియైన వారు కోటి ఇరువది లక్షల మొదలు రెండు కోట్ల వరకు ఉందురని చరిత్రకారుల అంచనా. 1911కును 1921కిని నడుమ దేశ జనసంఖ్య పెరుగుటకు మారు తగ్గినది. జనాభా లెక్కల చరిత్రలో అట్టి దశాబ్దము వేరొకటి లేదు.

అయినను ఆనాడు దేశమంతటను అంగళ్ళను ఏకముగా మూయించిన శాసనము లేదు. బొంబాయి ప్లేగు నాటి 1897వ సంవత్సరపు అంటువ్యాధుల చట్టము ఉండెను గాని, దానిని అంత విరివిగా ప్రయోగింపలేదు. జ్వరము తగ్గి, వానలు కురిసి, పంట చేతికి రాగానే సంత తిరిగి నడచెను. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీలలో అఖిల భారత కాంగ్రెసు సంఘము బెజవాడలో సమావేశమగు నాటికి, దూరదేశములనుండి వచ్చిన జనమునకు ఆతిథ్యమీయగల స్థితిలో పట్టణము ఉండెను. పింగళి వెంకయ్యగారు గాంధీమహాత్మునకు జాతీయపతాక నమూనాను సమర్పించినది అప్పుడే.

ఈ ఆపదలను వరుసగా పరికించినచో మూడు తీరుల నష్టములు కానవచ్చును. కరువున ధాన్యము పోవును, కొనువాడును పోవును. ఉప్పెనలో గిన్నెలు, పొయ్యి, ఇల్లు, కొన్ని యెడల ఇంటివారును పోవుదురు; కాని మిగిలినవారికి ఆకలి మిగులును గనుక పొయ్యి తిరిగి వెలిగినచో కొనువారు వత్తురు. 2020 నాటి మహమ్మారి యందు ధాన్యముండెను, గిన్నెలుండెను, వండు చేతులుండెను, ఆకలియు ఉండెను. వీనిని ఒకచోట చేర్చుటయే నిషిద్ధమయ్యెను. ఇట్టి నష్టమునకు మన పెద్దలు మనకు నేర్పిన ఉపాయము ఏదియు లేదు.

2020-21 నాటి స్తంభన

2020 మార్చి 12వ తేదీన ఆంధ్రప్రదేశమున మొదటి రోగి నెల్లూరున కనబడెను. పదిదినములు గడువకమునుపే విజయవాడకును వ్యాధి చేరెను. మార్చి 22వ తేదీన జనతా కర్ఫ్యూ. 25వ తేదీనుండి దేశమంతటను లాక్‌డౌన్. నిలుపని రైలుకూడలి యని పేరొందిన స్టేషనున ప్రయాణికుల బండ్లు నిలిచిపోయెను. ఏప్రిల్ మాసమున కృష్ణలంక, విద్యాధరపురము మొదలగు పేటలు కట్టడి మండలములయ్యెను. హోటళ్ళలో కూర్చుండి తినుటకు జూన్ 8వ తేదీన గాని అనుమతి రాలేదు. అనగా 75 దినములు. పిండి రుబ్బినచో మరునాటికి పులిసి పారబోయవలసిన వ్యాపారమునకు డెబ్బదియైదు దినములు ఎంతకాలమో అనుభవించినవారికే తెలియును. పొయ్యిలో పిల్లి లేవలేదని పెద్దలు బీదరికమును గూర్చి చెప్పెడి మాట వండిపెట్టువారి యిండ్లయందే నిజమయ్యెను.

ఆ వేసవియందే మరియొక దృశ్యము మన జాతీయమార్గము మీద కానవచ్చెను. ఒడిశా, బీహారు దేశములకు నడచిపోవు వలసకూలీలు విజయవాడ మీదుగా సాగిపోయిరి. వారికి త్రోవపొడవున అన్నపానములు ఏర్పాటు చేయవలసినదని మే మాసమున రాష్ట్ర ఉన్నత న్యాయస్థానము ఆదేశించెను. అంతకు ముందే ఎందరో గృహస్థులు, సంఘములు, గుడులు, గురుద్వారములు, మసీదులు పొట్లములు కట్టి పంచిరి. పని పోయిన వంటవారును వారిలో నుండిరి. జీతము లేని దినములలో కూడ వారు గరిటె వదలలేదు.

2021లో రెండవ ఉద్ధృతి మొదటిదానికంటె ప్రాణాంతకమయ్యెను. మే 5వ తేదీనుండి రాష్ట్రమున మధ్యాహ్నము 12 గంటలకు అంగళ్ళు మూయవలసి వచ్చెను. ఉదయము 6 మొదలు 12 వరకే వ్యాపారము. ఈ నియమము ఉదయపు టిఫిను బండిని కొంత బ్రతుకనిచ్చెను; మధ్యాహ్నపు భోజనశాలను, సాయంకాలపు పునుగుల బండిని, రాత్రి ఫలాహారశాలను చంపివేసెను. ఒకే శాసనము ఒకే వీధిలోని నలుగురిని నాలుగు విధముల తాకినదనుటకు ఇది నిదర్శనము.

ఎవరెట్లు తట్టుకొనిరి

అన్నవ్యాపారమని ఒక్క పేరు పెట్టినను అందు పలు తెగలు కలవు. వానిని వేరువేరుగ చూచిననే గాని జరిగినది బోధపడదు.

పచ్చళ్ళవారి సరకు ఏడాది నిలుచును. లాక్‌డౌన్ సరిగా మామిడికాయ కాలమున వచ్చినది. నూజివీటి తోటలలో కాయ యుండెను, బండి లేదు. కాయ అందినవారు ఆవకాయ పెట్టి జాడీలు నింపిరి. కాని అమెరికా మొదలగు దేశములలోని తెలుగువారికి పంపుట కష్టమయ్యెను. 2020 మార్చి 23న ఆగిన అంతర్జాతీయ ప్రయాణ విమానములు యథావిధిగ తిరిగి నడచినది 2022 మార్చి 27నుండియే. నడుమ ప్రత్యేక విమానములలోను సరకు విమానములలోను పంపవలసి వచ్చుటచే కూలి పెరిగెను. అయినను జాడీ చెడలేదు. సరకు నిలుచుటయే వారిని కాచినది.

మిఠాయివారి స్థితి మధ్యస్థము. బుందేలుఖండమునుండి వచ్చిన బొందిలీల చేతులమీదుగ వెలసినదని చెప్పుకొను బందరు తొక్కుడు లడ్డు 2017లో భౌగోళిక గుర్తింపు పొందినది. అట్టి పేరు గల సరకు కూడ పెండ్లి, పండుగ, ప్రయాణము అను మూటిమీద ఆధారపడును. ఆ మూడును ఒక్కసారి ఆగినవి.

పెండ్లివంటవారి కష్టము అన్నిటికంటె ఘోరము. పెండ్లికి 50 మంది, అంత్యక్రియలకు 20 మంది అని హద్దు ఏర్పడెను. అయిదువందల విస్తళ్ళకు వండు మేస్త్రీ యొకడు పదిమంది సహాయకులను, ఇరువదిమంది వడ్డించువారిని పోషించును. యాభైమందికి ఇంటివారే వండుకొనగలరు. మేస్త్రీకి అంగడి లేదు, పలక లేదు, లైసెన్సు లేదు. కావున అంగళ్ళకు ఏర్పడిన సాయములలో నేదియు అతనికి సులభముగ అందలేదు.

మెస్సులవారు కళాశాల విద్యార్థులను నమ్ముకొన్నవారు. వసతిగృహములు మార్చిలోనే ఖాళీ యయ్యెను. నవంబరు 2న పైతరగతులు తెరచినను, పిల్లలు పూర్వమువలె నిండుటకు మరియొక సంవత్సరము పట్టెను. అద్దెలు మాత్రము నెలనెలయు పెరిగిపోవుచుండెను.

వీరందరిలో తొందరగ లేచినది కర్రీ పాయింట్లవారు. అన్నము ఇంట వండుకొని, కూర, పప్పు, పులుసు, పచ్చడి కొని తెచ్చుకొను ఆచారము మన పట్టణములలో ముందునుండియే కలదు. వారికి బల్లలు లేవు, కుర్చీలు లేవు, వడ్డించువారు లేరు. పొట్లము కట్టి యిచ్చుటయే వారి వ్యాపారము. ఇతరులు 2020లో క్రొత్తగ నేర్చుకొన్న విద్య వారికి పాతది. పొరుగు వీధివారికి ముఖపరిచయమే ప్రకటన. కొందరు ఫోనులోని వాట్సాప్ ద్వారా ఆనాటి కూరలు తెలుపుచు, వేళకు ఇంటికి చేర్చిరి.

టిఫిను బండ్లవారిలో పలువురు ఇడ్లీ పాత్రలు దించి, ఆ బండిమీదనే కూరగాయలు, పండ్లు అమ్మిరి. కూరగాయలకు అనుమతి యుండెను గనుక, రైతుబజారులను మైదానములకు విడదీసినప్పుడు వారికి కొంత తావు దొరకెను. చక్రములున్నవాడు వృత్తి మార్చుకొని బ్రతికినాడు.

స్విగ్గీ, జొమాటో మొదలగు సంస్థలను ఆశ్రయించి బ్రతికినవారును కలరు. కాని అవి వసూలు చేయు కమీషను చిన్నవారి లాభమును హరించుచున్నదను ఫిర్యాదు దేశమంతటను లేచెను. భారత రెస్టారెంట్ల జాతీయసంఘము 2021 జూలైలో పోటీ వ్యవహారముల కమీషనునకు ఫిర్యాదు చేయగా, 2022 ఏప్రిల్‌లో విచారణకు ఆజ్ఞ వెలువడెను. ఆపత్కాలమున తెప్ప దాటించును. కాని ప్రతిదినము తెప్పకూలి ఇచ్చుచు ఏటి నడుమనే కాపురముండుట సాధ్యము గాదు. వీధివారిని, ఫోనులోని పాత ఖాతాదారులను విడువక, ఆ సంస్థలను అదనపు దారిగ మాత్రమే వాడుకొన్నవారు మేలుగాంచిరి.

అప్పు కథ

ఇక అసలు విషయమునకు వత్తుము. పొయ్యి ఆరుట రోగము వంటిది. అప్పు దాని పిమ్మట వచ్చు నీరసము. పలువురను కూల్చినది ఈ రెండవదియే.

చిన్న అన్నవ్యాపారికి బ్యాంకు దూరము, దినవడ్డీవాడు దగ్గర. దినవడ్డీ లెక్కను ఒక దృష్టాంతముతో చూతము. పదివేల రూపాయలకు కాగితము వ్రాయించుకొని, వడ్డీ ముందుగ తీసికొని, 8,500 చేతికిత్తురు. దినమునకు నూరు చొప్పున నూరు దినములు కట్టవలెను. చూపునకు పదివేలకు పదిహేనువందలే గదా యనిపించును. కాని అసలు దినదినమును తరుగుచుండుటచే, సగటున వాని చేతిలో ఉండునది నాలుగువేలకు కొంచెము మిక్కిలి. లెక్కించినచో వడ్డీ సంవత్సరమునకు నూటికి 120 దాటును. బండి నడచినన్నాళ్ళు ఈ భారము కానరాదు. బండి ఆగిన దినమున నూరు రూపాయలు పర్వతమగును. విజయవాడయందు కాల్‌మనీ యను పేర ఈ అప్పుల దౌర్జన్యములు 2015 డిసెంబరులోనే బయటపడి రాష్ట్రమంతటను కలవరము పుట్టించినవి. అయిదేండ్లు గడువకముందే మహమ్మారి వచ్చినది. గోరుచుట్టుపై రోకటిపోటన్నట్లయ్యెను.

ప్రభుత్వములు ఏమియు చేయలేదనుట న్యాయము గాదు. రిజర్వు బ్యాంకు 2020 మార్చి 27న వాయిదాలకు మూడునెలల గడువిచ్చి, దానిని ఆగష్టు 31 వరకు పొడిగించెను. జూన్ 1న కేంద్రప్రభుత్వము పి.ఎం. స్వనిధి యను పథకము ప్రారంభించి వీధివర్తకులకు 10,000 రూపాయల ఋణమును, సక్రమముగ తీర్చినవారికి 7 శాతము వడ్డీ రాయితీని ఏర్పరచెను. అది తీర్చినవారికి పిమ్మట 20,000, ఆపైని 50,000 వరకు అవకాశము కల్పించిరి. రాష్ట్రప్రభుత్వము 2020 నవంబరు 25న జగనన్న తోడు పేర చిన్నవర్తకులకు 10,000 రూపాయల వడ్డీలేని ఋణపథకము ప్రారంభించెను. చిన్న ఆహార తయారీదారులకై జూన్ 29న వెలువడిన కేంద్ర పథకమున యంత్రములు మొదలగువాని ఖర్చులో నూటికి 35 వంతులు, పది లక్షలకు మించకుండ, సహాయము ఏర్పరుపబడెను.

ఇవి పుచ్చుకొన్నవారెవరు? పురపాలక సంఘమువారి గుర్తింపు పత్రము, బ్యాంకు ఖాతా, ఆధారు కార్డునకు జతపడిన ఫోను, దరఖాస్తు నింపగల ఒక చదువుకొన్న బిడ్డ, ఈ నాలుగును ఉన్నవారు. బ్యాంకు వాయిదాల గడువు దినవడ్డీవానికి వర్తింపదు. కాగితము లేనివానికి కరుణ కూడ కాగితముగనే మిగిలిపోయినది.

అప్పుడు ఆదుకొన్నది ఇంటి ఆడువారి మెడలోని బంగారము. 2020 ఆగష్టులో బంగారము వెల 10 గ్రాములకు 56,000 రూపాయలు దాటి, అంతవరకు ఎన్నడును ఎరుగని ఎత్తునకు పోయెను. అదే మాసమున రిజర్వు బ్యాంకు బంగారు తాకట్టు మీద బ్యాంకులు ఈయదగిన ఋణమును వెలలో 75 వంతులనుండి 90 వంతులకు పెంచి, 2021 మార్చి 31 వరకు అమలు జరిపెను. గాజులు, గొలుసులు, కొన్ని యెడల పుస్తెలతాడును బ్యాంకు పెట్టెలకు చేరి, పిండిమరయు, సిలిండరును, పాత అద్దె బాకీయు అయి తిరిగివచ్చెను. సభలలో మనము వ్యాపారదక్షులని పురుషులను శ్లాఘించుచుందుము. ఈ కష్టకాలమున పెట్టుబడి పెట్టినవారు స్త్రీలనియు, కూలివారు స్వదేశములకు పోగా పొయ్యి చెంత నిలిచి పిండి రుబ్బినవారును వారేయనియు ఈ సంచికయందు వ్రాసి యుంచుట మా ధర్మము.

లేచుట, తిరిగి తడబడుట

2021 వర్షకాలము పిమ్మట పెండ్లిండ్లు మరల జరుగసాగెను. రైళ్ళు నిండెను. కొండమీదికి జనము తరలివచ్చెను. 2022 జనవరిలో మూడవ ఉద్ధృతికై రాత్రి కర్ఫ్యూ విధించినను అది నెల దినములలో తొలగెను. అందరును సుఖపడిరని తలచుచుండగా ధరలు లేచినవి. 19 కిలోల వ్యాపారపు గ్యాసు సిలిండరు ఢిల్లీ ధర 2021 నవంబరులోనే 2,000 రూపాయలు దాటెను. 2022 ఫిబ్రవరిలో యుక్రెయిను యుద్ధము సూర్యకాంతి నూనెను, ఏప్రిల్ చివర ఇండొనీషియా నిషేధము పామాయిలును ప్రియము చేసెను. మన దేశము తినుకొను నూనెలో సగమునకు పైగా పరదేశములనుండియే తెచ్చుకొనుచున్నది. ఎక్కడనో నల్లసముద్రపు ఒడ్డున ఫిరంగి మ్రోగినచో సత్యనారాయణపురమున గారెల వెల పెరుగును. గారె వెల పెంచినచో కొనువాడు అలుగును; పెంచనిచో గారె చిన్నదగును. రెండింటి నడుమ వ్యాపారి నలిగినాడు.

అంతలో 2024 సెప్టెంబరు మొదటి దినములలో బుడమేరు పొంగి విజయవాడ ఉత్తరభాగమును ముంచెను. ప్రకాశము బ్యారేజీ వద్ద 11 లక్షల 43 వేల క్యూసెక్కుల ప్రవాహము నమోదయ్యెను. 1957లో ఆ బ్యారేజీ ఏర్పడిన పిమ్మట అంతటి వరద ఎన్నడును లేదు. అజిత్‌సింగ్‌నగరము మొదలగు పేటలలో చిన్నయిండ్ల క్రింది అంతస్తులు దినములకొలది నీట నుండెను. మహమ్మారి అప్పును అప్పుడప్పుడే తీర్చుకొన్న టిఫిను అంగళ్ళ గ్రైండర్లు, ఫ్రిజ్‌లు, పిండి బస్తాలు బురదపాలయ్యెను. ప్రభుత్వము నీట మునిగిన క్రింది అంతస్తు ఇండ్లకు 25,000 రూపాయల చొప్పున సహాయము ప్రకటించెను. చిన్న దుకాణములకును సహాయము కలిగెను. కాని యంత్రములకు భీమా చేయించుకొన్న చిన్నవర్తకుడు అరుదు.

ఇక్కడ ఒక భేదము గమనింపదగినది. వరద తీసిన పదిదినములలో పొయ్యి వెలిగించినవారిలో, 2020లో ఖాతాలు, గుర్తింపు పత్రములు, ఫోను చెల్లింపులు అలవరచుకొన్నవారికి బ్యాంకునకు పోవు దారి తెలిసియుండెను. మొదటి ఆపద నేర్పిన పాఠము రెండవ ఆపదకు అక్కరకు వచ్చినది.

పోషకులకు మనవి

ఈ చరిత్రనుండి మన సంఘము గ్రహింపవలసిన దేమి? మాకు తోచినవి మూడు.

మొదటిది అద్దె. పట్టణములోని అంగళ్ళ కట్టడములు కలవారు మన పోషకులలో పెక్కుమంది కలరు. వారిలో కొందరు లాక్‌డౌన్ నెలల అద్దెను విడిచిరి, కొందరు సగము పుచ్చుకొనిరి, కొందరు అడ్వాన్సులో మినహాయించుకొని పిమ్మట ఖాళీ చేయించిరి. పేర్లు చెప్పుట మా ఉద్దేశము గాదు. అన్నదానమునకు వేలు వ్రాసియిచ్చిన చేతితోనే అన్నమమ్మువానికి ఖాళీనోటీసు ఇచ్చుట ఎంతవరకు పొసగునో ఎవరికి వారే యోచింతురు గాక. ప్రభుత్వపుటుత్తరువుచేత అంగడి మూతపడిన నెలలకు అద్దెలో సగము మాత్రమే చెల్లదగుననియు, మిగిలిన సగమును వాయిదాలపై కట్టవచ్చుననియు అద్దె కాగితములందే ఒక షరతు వ్రాయుట దానము గాదు, ముందుచూపు. ఖాళీ అంగడికి అద్దె రాదు గదా.

రెండవది నిధి. సంఘమునకు విద్యానిధి కలదు, కల్యాణమంటప నిధి కలదు, ఆపన్నిధి లేదు. వడ్డీలేని పదివేల రూపాయలు, తీర్చగానే మరియొకరికి పోవునట్టి తిరుగుడు నిధి, దినవడ్డీవాని నూరుదినముల కాగితమును చింపగలదు. ఇది దానమని పేరు పెట్టినచో పుచ్చుకొనువాడు సిగ్గుపడును. ఋణమనియే ఇచ్చి, ఋణముగనే తీర్చుకొనవలెను. వ్యాపారికి మర్యాద ముఖ్యము. ఇందు స్త్రీల పేరననే ఖాతా తెరచుట మేలని మేము తలంచుచున్నాము. పెట్టుబడి పెట్టినది ఎవరో పైని చెప్పియే యున్నాము.

మూడవది లెక్క. గుర్తింపు పత్రము, ఆహారభద్రతా సంస్థవారి నమోదు, చిన్నదేయైనను ఒక చిట్టాపుస్తకము, వరదకు భీమా, ఇవి లేనివాని చెంతకు ఏ సాయమును చేరదని రెండు ఆపదలును నిరూపించినవి. మన కళాశాల విద్యార్థులు నెలకు ఒక ఆదివారము సంఘభవనమున కూర్చుండి దరఖాస్తులు నింపిపెట్టినచో, ఒక సంచిక అచ్చు ఖర్చు కూడ కాదు. పెండ్లివంటవారికి అంగడి లేదు గనుక వారి పేరులతో ఒక పట్టికను సంఘమే తయారుచేసి, వారు వృత్తిదారులే యని పత్రమీయవలెను.

ఈ నిధి మనవారికే యని గిరిగీసికొనుట తగునా అని కొందరు ప్రశ్నింపవచ్చును. ప్రశ్న న్యాయమైనదే. మన హోటలులో గిన్నెలు తోమువారు, ఆకులు కుట్టి తెచ్చువారు, పాలు పోయువారు, కూరలు తెచ్చువారు అన్ని కులములవారును కలరు. పొయ్యి ఆరినప్పుడు వారందరి యిండ్లలోను ఆరినది. జ్వరము ఎవ్వరి గోత్రమును అడుగలేదు. కావున సంఘీయుడైన వ్యాపారి పుచ్చుకొను ఋణములో వాని పనివారి జీతపు బాకీ తీర్చుట మొదటి షరతు కావలెనని మా అభిప్రాయము.

2022 ఏప్రిల్ 4వ తేదీన జిల్లాల పునర్విభజనముచే విజయవాడ ఎన్.టి.ఆర్. జిల్లాకు ముఖ్యపట్టణమయ్యెను, కృష్ణా జిల్లాకు మచిలీపట్టణము ముఖ్యపట్టణముగ నిలిచెను. సరిహద్దులు మారినను ఏరు అదియే, ఆకలి అదియే. రానున్న ఆపద కరువో, ఉప్పెనో, జ్వరమో మన మెరుగము. అది వచ్చిన దినమున సంఘభవనపు పెట్టెలో నిధి యుండవలెనన్నచో, ఈ సభ ముగియుటకు ముందే తీర్మానము జరుగవలెను. ఈ మహాసభయందు ఆపన్నిధికి మొదటి చందా వ్రాయు వదాన్యుడెవరో, వారి పేరు రాబోవు సంచికయందు ముద్రింపబడు గాక యని కోరుచు, ఆ కృష్ణవేణీ తీరవాసిని యగు కనకదుర్గాంబ ప్రతి గృహమునను పొయ్యి ఆరకుండ కాపాడు గాక యని ప్రార్థించుచు విరమించుచున్నాము.